ఆహతమా? అనాహతమా?

పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువులో లెక్కల అధికారిగా నుండి, ఆ లెక్కల నడుమనే సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు, నాదమును ఆహతమనియు అనాహతమనియు రెండుగా విభజించి, కొట్టగా, మీటగా, ఊదగా పుట్టునట్టి మొదటిది జనరంజకమై, క్రమముగా భవబంధమును కూడ తెంపగలదనియు, ఏ తాకిడియు లేక తనంత తానుగా అంతరంగమున మ్రోగునట్టి రెండవది యోగులకు గురూపదేశముచేత మాత్రమే గోచరించునది గనుక మోక్షమును ఈయగలదే కాని చెవికి ఇంపు కూర్పజాలదనియు నిర్ణయించినాడు. ఈ విభాగము ఏడువందల ఏండ్లు ఎవ్వరికిని చిక్కు తెచ్చిపెట్టలేదు. వీణ మ్రోగినచో తీగను మీటిన వ్రేలు కలదు. మృదంగము పలికినచో చర్మముపై పడిన అరచేయి కలదు. సన్నాయి వినవచ్చినప్పుడు, బుగ్గలు పూరించి కూర్చున్న మనుష్యుడు కంటికి కనబడకున్నను, వాడున్నాడను విషయమున ఎవ్వరికిని సందేహముండదు. వినబడునది ఆహతము, చెవికందనిది అనాహతము. శాస్త్రము లోకముతో ఇంత సులువుగా పొసగిన సందర్భములు అరుదు.

ఈ పొత్తు చెడినది విద్యుత్తు సంగీతమున ప్రవేశించిన నాడు.

తార్నాకలో, వీధులకు పేర్లకు మారుగా అంకెలు మాత్రమే గల భాగమున, పాత ఎల్పీ రికార్డులను పోగుచేయు మిత్రుడొకడు నాకు కలడు. ఆదివారములందు అబిడ్స్ కాలిబాటలపై పరచు పాత పుస్తకముల నడుమ వెదకి తెచ్చినవి కొన్ని, ఇల్లు మారువారు వదలిపోయినవి కొన్ని, ఆయన యింట గోడవారగా నిలువున పేర్చియుండును. ఒకనాటి సాయంకాలము ఆయన ‘గీతాంజలి’ చిత్రపు పాటల రికార్డును పెట్టినాడు. మణిరత్నము నేరుగా తెలుగున తీసిన చిత్రమది యొక్కటే, 1989లో వచ్చినది, సంగీతము ఇళయరాజా, పాటలు వేటూరి సుందరరామమూర్తి. మరణము ముందుగనే నిశ్చయమైపోయిన ఇద్దరు యువజనుల ప్రణయము దాని ఇతివృత్తము. మాతోబాటు ఉస్మానియాలో తత్త్వశాస్త్రము చదువుచున్న యువకుడొకడు కూర్చుండెను. వయొలిన్ల వరుస సాగినంతసేపు ఊరకుండి, వాని నడుమ సింథసైజరు మెరుగుగా, గాజుపై నీరు జారినట్లు పలికినప్పుడు, అతడు తల యెత్తి యడిగినాడు.

“సార్, గా వయొలిన్లల్ల మనుషులున్నరు, సమజైంది. గీ కీబోర్డు సప్పుడుల ఎవ్వడున్నడు? మిషినే గదా! మరి దీన్ని నాదమనాల్నా, ఉత్త సప్పుడనాల్నా?”

వాదమునకు పదును పెట్టుటలో ఆ ప్రాంగణపు భాష ఎన్నడును వెనుకబడలేదు. ఈ ప్రశ్ననే 1956లో హాలీవుడ్డువారును ఎదుర్కొనిరి. ‘ఫర్బిడెన్ ప్లానెట్’ అను చిత్రమునకు లూయీ, బెబె బారన్ అను దంపతులు, ఒక్క వాద్యమైనను లేకుండ, కేవలము విద్యుద్వలయములతోనే నేపథ్యధ్వనిని ఆద్యంతము సమకూర్చగా, దానికి సంగీతమని పేరు పెట్టినచో వాద్యకారుల సంఘము అభ్యంతరము చెప్పునను భయమున, నిర్మాతలు తెరపై ‘ఎలెక్ట్రానిక్ టొనాలిటీస్’ అని మాత్రమే వేసిరి. ఇది నాదమా, చప్పుడా అను సంశయము అక్కడ కూలి తగవుగా వచ్చి కూలి తగవుగానే ముగిసినది. మా విద్యార్థి కోరినది అట్టి రాజీ కాదు.

కనుక మొదట ఆ యంత్రము పనిచేయు విధమును చూడవలెను. 1980ల నడుమ మద్రాసు స్టూడియోలలో వాద్యబృందముల ప్రక్కన సింథసైజర్లు చోటు చేసికొన్నవి. 1983లో వెలువడిన యమహా డీఎక్స్7 వానిలో మిక్కిలి ప్రసిద్ధము. దానియందు తీగ లేదు, చర్మము లేదు, పీక లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న పద్ధతి ననుసరించి, అది ఒక కంపనముచేత మరొక కంపనపు వేగమును హెచ్చించుచు తగ్గించుచు, ఆ రెంటి కలయికవలన గంటనైన, వేణువునైన, లోకమున ఎన్నడును లేని వాద్యమునైన పలికించును. ఇచట గమనింపదగినది ఒకటి కలదు. వాదకుడు మెట్టును నొక్కినప్పుడు, అది ఎంత వేగముగా దిగినదో యంత్రము కొలిచి, ఆ కొలతను బట్టి ధ్వనిని బిగ్గరగనో మెత్తగనో చేయును. అనగా అది తాకిడిని కొలుచునే కాని తాకిడివలన మ్రోగదు. వీణకును దీనికిని గల భేదమంతయు ఈ యొక్క మాటలో నున్నది. సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటియు, టి.వి. రాజు కుమారుడు రాజ్‌యు జంటగా సంగీతము కూర్చిన కాలము నాటికి, తండ్రులు తీగలతో, గొట్టములతో, చర్మములతో చేయించిన పనిలో పెద్ద పాలు కుమారుల చేతిలో మెట్ల వరుసకు వచ్చిచేరినది. దిలీపను పేరుతో ఇళయరాజా వద్దను, ఈ జంట వద్దను కీబోర్డు వాయించిన యువకుడే పిదప ఏ.ఆర్. రెహమాన్ అయినాడు. ఒక్క తరములో ఇంత మార్పు.

తాకిడివలన మ్రోగదు గనుక ఇది అనాహతమే యని వాదించువారు లేకపోలేదు. ధ్యానమునకని అమ్ముడుపోవు పాటల అట్టలపై ఓంకారమును, తామరపూవును ముద్రించి, లోపల గంటసేపు సింథసైజరును ఏకశ్రుతిలో మ్రోయించు వ్యాపారులు ఆ వాదముతోనే బ్రతుకుచున్నారు. నిజమునకు ఇంతకంటె పూర్వమే, 1920 ప్రాంతమున, రష్యాలో థెరెమిన్ అను శాస్త్రజ్ఞుడు చేతితో ముట్టకయే, గాలిలో చేతులాడించినంత మాత్రమున పలుకు వాద్యమును నిర్మించెను. ముట్టకయే మ్రోగెడు ఆ ధ్వనిని 1945లో హిచ్‌కాక్ చిత్రము ‘స్పెల్‌బౌండ్’లో మిక్లోష్ రోజా మతి చెదరిన మనుష్యుని కలవరమునకు గుర్తుగా వాడుకొన్నాడు; సమాధికి గుర్తుగా వాడవలెనని ఆయనకు తోచనే లేదు. ఈ విషయమున నాకు ధ్యానపు వ్యాపారులకంటె రోజా చెవియందే ఎక్కువ నమ్మకము.

మిత్రుడు మా తర్కమును కొంతసేపు విని, లేచి, ఆంప్లిఫయరును ఆర్పివేసినాడు. స్పీకర్లు మూగపోయినవి, పళ్లెము మాత్రము నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు కొంచెము పైగా తిరుగుచునే యున్నది. ఆయన విద్యార్థిని దగ్గరకు పిలిచి, ముల్లు వద్ద చెవి యుంచుమనినాడు. అతడు వంగి, ఊపిరి బిగపట్టి విన్నాడు. పాట వినబడుచున్నది! దోమ రొదకంటె సన్నముగా, మంద్రస్వరములు లేక, చిన్న వజ్రపు మొనకును నల్లని ప్లాస్టిక్కునకును నడుమనుండి, వయొలిన్లును సింథసైజరును గాయకుని కంఠమును, అన్నియును ఒకే గీరుడుగా వెలువడుచున్నవి. “గీకుతున్నది సార్, గీకుడే పాటైతున్నది” అన్నాడతడు. నా తర్కములకంటె ఆ మాట బలమైనది. పండ్రెండు అంగుళముల ఆ పళ్లెమున ఒక్కొక్క ప్రక్కను ఒకే గాడి చుట్టలు చుట్టుకొని, సాచినచో అర కిలోమీటరుకు కొంచెము తక్కువగా నుండును. దాని రెండు గోడలపైనను చెక్కిన వంకరలను ముల్లు అడుగడుగునను ఢీకొనుచు పోవును. ఆ గాడిని మొదట లక్కపూత పలకపై కోసినది ఒక ములుకు. ఆ పలకనుండి లోహపు అచ్చులు వరుసగా తీసి, వేడి ప్లాస్టిక్కును వాని నడుమ అదిమి రికార్డును చేయుదురు. ముల్లు కదలిక మరల విద్యుత్తయి, ఆ విద్యుత్తు స్పీకరులోని కాగితపు డొప్పను ముందుకు వెనుకకు నెట్టగా, ఆ డొప్ప గాలిని కొట్టును.

వైశేషికులు శబ్దమునకు మూడే పుట్టువులు చెప్పిరి: రెండు వస్తువుల సంయోగము, విభాగము, మరొక శబ్దము. కొలనిలో అలవెనుక అల పోవునట్లని కొందరు, కడిమిపూవున కేసరములు ఒక్కమారుగా అన్ని దిక్కులకును విచ్చుకొన్నట్లని మరికొందరు, ఆ శబ్దము మన చెవికి చేరు త్రోవను గూర్చి వాదులాడుకొనిరి. ఈ రెండు పక్షములలో ఏది యైనను, స్పీకరు డొప్పకు వర్తించుటలో లోపమేమియు లేదు. సింథసైజరునందు తాకిడి లేకపోలేదు. అది తీగ వద్దనుండి తొలగి, వరుసలో చిట్టచివరకు వాయిదా పడినది. చెవికి వినబడిన సమస్తమును ఆహతమే. తార్నాకకు కూతవేటు దూరమున నున్న జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థలోని పరికరములు నేల కంపమును గీతగా గీయుచుండును గదా. ఆ గీతయే యుండి చెవిని చేరు అల లేనంతకాలము అది లెక్కయే కాని నాదము కాదు. డీఎక్స్7లోని కొలతలును అట్టివే. అనాహతమను పేరును ఆ యంత్రమునకు అంటగట్టుట యోగులకును అన్యాయము, యంత్రమునకును అన్యాయము.

ఇది ఆహతమని తేలినంతమాత్రమున విద్యార్థి సంశయము తీరలేదు. రికార్డును ఎప్పుడు పెట్టినను అదే పాట, అదే చోట, అదే స్వరముతో వచ్చుచున్నది. వాదకుని చేతిలో వీణ రెండుమార్లు ఒకే విధముగా పలుకదు. కనుక దీనికి నిత్యత్వమను మరియొక ఘనత కలదేమో యని అతని ఊహ. ఇది మీమాంసకుల సొమ్ము. శబ్దము నిత్యమనియు, మన ఉచ్చారణము దానిని పుట్టింపదు, తెర తొలగించి చూపునంతేయనియు, అందుచేతనే నిన్న విన్న గకారమును నేడు విని ‘అదియే యిది’ యని గుర్తుపట్టుచున్నామనియు వారు చెప్పుదురు. నైయాయికుడు దీనికి నవ్వి, దీపశిఖను చూపును: సాయంకాలమునుండి వెలుగుచున్న దీపమును చూచి అదే శిఖ యనుకొందుము; అది క్షణక్షణమును కాలి, మరియొకటి వచ్చి నిలుచుచున్నది; పోలికను ఏకత్వమని భ్రమపడుచున్నాము. అయితే మీమాంసకునికి న్యాయము చేయవలెనన్నచో ఒక మాట చెప్పక తప్పదు: ఆయన నిత్యమనినది వర్ణమును, దానిని వెల్లడించు ధ్వనిని ఆయన కూడ నశ్వరమనియే యొప్పుకొనును. పాటయందు నిత్యమైన దానిని చూపుమనినచో ఆయనకును కష్టమే.

ఆంప్లిఫయరు మరల వెలిగి పాట సాగుచు, ఈ వాదము నడుచుచుండగా, మిత్రుని మనుమరాలు వచ్చి, అల్లరిగా వేగపు మీటను నలుబదియైదుకు త్రిప్పినది. గాయకుని కంఠము ఇంచుమించు మధ్యమస్థానమునకు ఎగబ్రాకి, పసిపిల్లవాని గొంతుగా మారి, పాట పరుగెత్తసాగెను. అందరమును నవ్వితిమి, పాటను మాత్రము అందరమును గుర్తుపట్టితిమి. శ్రుతి మారినది, లయ మారినది, గొంతు మారినది; ఐనను ‘అదియే యిది’. వేగభేదము వైకృతధ్వనికి సంబంధించినదే కాని ధ్వనివలన బుద్ధికి వెల్లడియగు స్ఫోటమును తాకదని భర్తృహరి వ్రాసినప్పుడు ఆయన మనస్సులో వేదపాఠకులుండియుందురు. తార్నాకలో ఎనిమిదేండ్ల బాలిక ఆ సూక్ష్మమును మీట త్రిప్పి చూపినది. గుర్తుపట్టుట ధ్వని యొక్క ఏకత్వమునకు సాక్ష్యము కాదు. వినువాని బుద్ధి చేయు కూర్పునకు సాక్ష్యము.

నైయాయికుని పక్షమున మరొక సాక్షి రికార్డే. ముల్లు పోయిన ప్రతిమారును గాడి గోడ ఇంచుకంత అరుగును. మిత్రుని గీతాంజలిలో సింథసైజరు స్వరముల నడుమ చిటచిటలు వినబడును. ఆ స్వరమునకు వయస్సు లేదు, ఆ చిటచిటకు కలదు. బారన్ దంపతుల సంగతి ఇంకను విచిత్రము. వారు కట్టిన విద్యుద్వలయములు అతిగా ప్రేరేపించినప్పుడు కేకలు వేసి, కాలి, చచ్చిపోవుచుండెడివి. అట్లు పోయినదానిని మరల నిర్మించినను అదే ధ్వని రాదు. వారు వానిని ప్రాణులవలెనే భావించిరి. వాద్యము చచ్చినది, నాదము టేపుపై మిగిలినది; చిత్రము వచ్చిన యిరువది యేండ్లకు, 1976లో గాని అది ఎల్పీగా వెలువడలేదు. యంత్రము గనుక మరణము లేదనువారికి ఇది సమాధానము.

మరణమును గూర్చి యింత దూరము పోనక్కరలేదు. ఉస్మానియా ప్రాంగణము వెలసిన అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరులోనివి. కవయిత్రి, గాయని, నర్తకి; హైదరాబాదు దర్బారులను తన గానముతో మెప్పించి 1824లో మరణించినది. ఎడిసన్ ఫోనోగ్రాఫునకు అప్పటికి ఇంకను యేబదిమూడేండ్లు కావలెను. ఆమె గజళ్లు దీవానుగా నిలిచినవి, మౌలాలి గుట్ట దిగువన సమాధి నిలిచినది, కంఠము నిలువలేదు. ఆర్ట్స్ కళాశాల గులాబిరంగు రాతిమెట్లపై కూర్చుండు విద్యార్థులలో ఎందరికి ఆ సంగతి తెలియునో కాని, ఆ నేలపై పుట్టి నశించిన నాదము ఒక ఎల్పీ ముక్కకైనను నోచుకోలేదని తలచినప్పుడు, రికార్డు నిత్యత్వమును ఈయకున్నను గడువు పెంచినదని ఒప్పుకొనవలసినదే.

మరియొక ఆక్షేపణ కలదు: సింథసైజరు ఇతర వాద్యములకు కేవలము అనుకరణమనియు, అసలు లేనిచోట నకలుకు ప్రాణమెక్కడిదనియు. దీనికి 1954 నాటి హిందీ చిత్రము ‘నాగిన్’ చాలును. హేమంత్‌కుమార్ సంగీతమున దేశమంతటిని ఊగించిన ఆ పాములవాని బూర పాట, బూరపై వాయించినది కాదు. క్లావియోలిన్ అను విద్యుద్వాద్యముపై కల్యాణ్‌జీ వాయించినది. ఆ పాటకు టాకీసులలోనికి పాములు వచ్చినవని ఊరూర చెప్పుకొనిరి. ఆ కథను నేను నమ్మను. వింత వేరొకటి. పిదప వచ్చిన పాములవాండ్రు తమ నిజమైన బూరపై ఆ యంత్రపు పాటనే నేర్చికొనిరి. నేటికిని తార్నాక రహదారిపై బరాత్ పోవునప్పుడు, బ్యాండువారు నాగిన్ ఎత్తుకొనగనే, చేతిరుమాలు పండ్ల కరచిపట్టి ఒకడు రోడ్డుపై పాకును. నకలు అసలునకు గురువైనది. అద్దములోని నీడను చూచి ముఖము తన్ను తాను దిద్దుకొనుట తత్త్వమున దోషమగునేమో కాని, కళయందు నిత్యకృత్యము.

తాకిడియా కాదు, నిత్యత్వమా కాదు, అసలుతనమా కాదు. ఇక నాదమునకు కావలసినదేమి? తిరిగి శార్ఙ్గదేవునే అడుగవలెను. ధ్వని పుట్టు క్రమమును ఆయన ఇట్లు చెప్పినాడు: ఆత్మ పలుకగోరి మనస్సును ప్రేరేపించును, మనస్సు దేహమునందలి అగ్నిని కొట్టును, అగ్ని వాయువును కదల్చును, ఆ వాయువు నాభినుండి హృదయమునకు, కంఠమునకు, శిరస్సునకు ఎక్కి నోట వెలువడును. ఇందులో మొదటి దెబ్బ ఎవరిది? తీగపై వ్రేలిది కాదు, చర్మముపై అరచేతిది కాదు. మనస్సు అగ్నిని కొట్టిన దెబ్బ! ఆహతమను పేరునకు తగిన ఆఘాతము అక్కడనే, దేహము లోపలనే జరిగిపోయినది. తరువాతివి దాని ప్రతిధ్వనులు. ఇళయరాజా హార్మోనియము ప్రక్కన కూర్చుండి బృందమంతటికిని స్వరములు కాగితముపై వ్రాసియిచ్చునని ఆయనతో పనిచేసినవారందరును చెప్పుదురు. ఆ కాగితము చేతికి వచ్చునప్పటికే దెబ్బ పడినది. దానిని వయొలిన్ పలికించినను, డీఎక్స్7 పలికించినను, ముప్పదియేండ్ల పిదప తార్నాకలో వజ్రపు మొన గీకి పలికించినను, మూలమున మ్రోగినది ఒక మనుష్యుని సంకల్పము. కనుక విద్యార్థికి నా సమాధానము: అది నాదమే; నాదోపాసకుడు దానిని విని చెడిపోడు.

ఈ నిర్ణయము ఇక్కడితో ఆగదు. ఆగినచో హాయిగానే యుండును. నగరమున అనేక దేవాలయములలో ఇప్పుడు హారతివేళ ఒక యంత్రము మ్రోగును. ఇనుప చట్రమున డోలు, గంట, కంచుపళ్లెము బిగించి, మోటారుకు సుత్తులు తగిలించినారు. అర్చకుడు స్విచ్చి వేయగనే అవి టకటక కొట్టుకొనును. హారతి ముగియగనే ఆగును. భక్తులు రెండు చేతులును జోడించి నిలుచుందురు, చేయుటకు పని లేదు గనుక. ధ్వనిశాస్త్రపు లెక్కన ఇంతకంటె శుద్ధమైన ఆహతము లేదు: నిజమైన సుత్తి, నిజమైన చర్మము, నిజమైన కంచు. సింథసైజరును చూచి ‘ప్రాణము లేని మిషిను’ అని మొగము ముడుచుకొను పెద్దలు, ఈ మిషిను ముందు కన్నులు మూసికొని మ్రొక్కుదురు. శార్ఙ్గదేవుని క్రమమును పట్టి చూచినచో దీనియందు కడపటి దెబ్బలన్నియు ఉన్నవి, మొదటిది లేదు. కచ్చేరీలో ఎలెక్ట్రానిక్ తంబురా ప్రక్కన పాడువాడు కూర్చుండును గనుక దానిని క్షమింపవచ్చును. ఇచట కూర్చున్నది స్విచ్చి మాత్రమే. సినిమా రికార్డున ఉన్న సంకల్పము గర్భగుడి ముందర కొరవడుట నాకు సహింపరాని విషయము.

అందుచేత ధర్మకర్తలకు నా విన్నపమొకటి. మనుష్యులు దొరకుటలేదని మీరు చెప్పుదురు. హారతివేళ గుడిలో పిల్లలు తిరుగుచునే యుందురు. ఆ యంత్రపు తీగను ఊడదీసి, గంటత్రాడు ఒకనికి, డోలు పుడకలు మరియొకనికి ఈయుడు. తాళము తప్పినను వారిని కసరకుడు.